మార్కెటింగ్ అనలిటిక్స్ చదివారు సరే, ఆ నంబరుతో ఏం చేయమంటారు?

(మాస్టర్స్ చివరి సెమిస్టర్ విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే. స్లయిడ్లు తేలేదు, చార్టులు మీరు చదివినన్నాళ్లూ చూస్తూనే ఉన్నారు కాబట్టి ఇవాళ వాటికి సెలవు.

మార్కెటింగ్ అనలిటిక్స్‌లో, అంటే ప్రకటనల, అమ్మకాల డేటాని విశ్లేషించే చదువులో, మాస్టర్స్ చేసి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లని ఇంటర్వ్యూ చేయడం చాలాకాలంగా నా పనిలో ఒక భాగం. బల్లకి అటువైపు కూర్చుంటే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వచ్చినవాళ్లకి రిగ్రెషన్, క్లస్టరింగ్ లాంటి గణాంక పద్ధతులు వచ్చు, పైథాన్‌లో ప్రోగ్రాం రాయడం వచ్చు, డేటా నుంచి అంచనాలు వేసే తమ మోడల్ ఎంత బాగా పనిచేసిందో దశాంశ స్థానాలతో సహా చెప్తారు. "బాగుంది, మరి ఆ నంబరు చూసి కంపెనీ ఏం చేయాలి? ఏది ఆపాలి, దేనికి డబ్బు పెంచాలి?" అని అడిగితే మాత్రం గదిలో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. తెలివి తక్కువై కాదు, కోర్సులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు, అంతే. అక్కడ ప్రశ్న ప్రొఫెసర్ ఇస్తారు, డేటా శుభ్రంగా ఒక ఫైల్లో వస్తుంది, జవాబు సరైనదో కాదో గ్రేడు చెప్పేస్తుంది. ఉద్యోగంలో ఈ మూడూ ఉండవు. ప్రశ్న మీరే వెతుక్కోవాలి, డేటా నాలుగు చోట్ల చెల్లాచెదురుగా పడి ఉంటుంది, మీరు చెప్పింది తప్పో ఒప్పో ఆరు నెలల దాకా తేలదు, ఒక్కోసారి ఎప్పటికీ తేలదు.

ముందు ఈ ఉద్యోగాల పేర్ల గొడవ త్వరగా వదిలించుకుందాం. మీ డిగ్రీ పేరుతో ఉద్యోగాలు వెతికితే సగం దొరకవు. మార్కెటింగ్ అనలిస్ట్, గ్రోత్ అనలిస్ట్, సీఆర్‌ఎం అనలిస్ట్, కస్టమర్ ఇన్‌సైట్స్, మీడియా మెజర్‌మెంట్, మార్కెటింగ్ సైన్స్, ప్రొడక్ట్ అనలిస్ట్, ఇలా ఒకే పని పది పేర్లతో ఉంటుంది, పది రకాల పనులు ఒకే పేరుతో కూడా ఉంటాయి. పేరు వదిలేసి కింద రాసిన పనుల జాబితా చదవండి. "వారం వారం రిపోర్టులు, ఏజెన్సీలతో సమన్వయం" అని ఉంటే అది రిపోర్టింగ్ ఉద్యోగం. ప్రయోగాలు, ఫోర్‌క్యాస్ట్, బడ్జెట్ ప్లానింగ్ లాంటి మాటలుంటే అక్కడ మీ లెక్కకి డబ్బు కదిలే అవకాశం ఉంది. ఏజెన్సీలో రకరకాల క్లయింట్లు వస్తారు, త్వరగా నేర్చుకుంటారు, కానీ మీరు చెప్పిన సలహా చివరికి ఏమైందో చాలాసార్లు తెలీదు. కంపెనీలో లోపలి టీంలో ఉంటే ఒకే వ్యాపారం, ఒకే తలనొప్పి, కానీ మీ మాట ఏమైందో కళ్లారా చూస్తారు. ఏజెన్సీ అంటే చిన్నచూపు చూసేవాళ్లున్నారు. మొదటి రెండేళ్లకి అది చెడ్డ బడి ఏమీ కాదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. చేరిన మొదటి నెలలోనే మీ దగ్గరికి వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "గత వారం వెబ్‌సైట్ నుంచి ఆర్డర్లు 20 శాతం పడిపోయాయి, ఎందుకో చూడు." కొత్తగా చదువుకుని వచ్చినవాళ్లు వెంటనే కాలంతో పాటు మారే అంకెల్ని విశ్లేషించే టైమ్ సిరీస్ మోడల్ తెరుస్తారు. ఆగండి. ఆర్డర్లు నిజంగా పడిపోయాయా, లేక లెక్కపెట్టే యంత్రం పడిపోయిందా? పేమెంట్ గేట్‌వేలో, గోడౌన్ నుంచి బయటికి వెళ్లిన సరుకులో కూడా అదే 20 శాతం తగ్గుదల కనిపిస్తోందా? అక్కడ అంతా మామూలుగా ఉంటే కస్టమర్లు ఎక్కడికీ పోలేదు, బహుశా సైట్లో కుకీల అనుమతి అడిగే బ్యానర్ ఎవరో మార్చి ఉంటారు, దాంతో ఆర్డర్లు లెక్కపెట్టే ట్రాకింగ్ ట్యాగ్ సరిగ్గా పనిచేయడం లేదు. ఇది తేల్చడానికి పది నిమిషాలు చాలు. తేల్చకుండా చేసే విశ్లేషణ మాత్రం వారమంతా సాగుతుంది, చివరికి అందరిముందూ పరువు పోతుంది.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ అధ్యాయంగా రావు. క్లిక్ ఎక్కడినుంచి వచ్చిందో తెలియడానికి క్యాంపెయిన్ లింకులకి యూటీఎం ట్యాగులు పెడతారు కదా, ఒకరు ఫేస్‌బుక్ అని క్యాపిటల్ అక్షరంతో మొదలుపెట్టి రాస్తారు, ఇంకొకరు అన్నీ చిన్న అక్షరాలతో రాస్తారు, మూడోవాళ్లు ఎఫ్‌బీ అని వదిలేస్తారు. సైట్‌కి వచ్చేవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌కి అవి మూడు వేర్వేరు సోర్సులు. పై మేనేజర్‌కేమో ఫేస్‌బుక్ దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది.

మరొకటి జాయిన్లు, అంటే రెండు టేబుళ్లని కలపడం. ఇది కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే డేటాబేస్ నుంచి డేటా లాగే భాష ఎస్‌క్యూఎల్ పరీక్షల్లో మంచి మంచివాళ్లు ఇక్కడే జారిపడతారు. ఆర్డర్ల టేబుల్లో ఒక కస్టమర్ పేరు మీద 3,000 విలువైన ఒకే ఒక్క ఆర్డర్ ఉంది. యాడ్ క్లిక్కుల టేబుల్లో అదే కస్టమర్ 4 సార్లు క్లిక్ చేసినట్టు ఉంది. కస్టమర్ ఐడీ మీద ఈ రెండు టేబుళ్లనీ జాయిన్ చేసి రెవెన్యూ కూడితే ఎంత వస్తుంది? 12,000. ఆ ఒక్క ఆర్డర్ నాలుగు క్లిక్కుల పక్కనా నాలుగుసార్లు వచ్చేసింది మరి. ఎర్రర్ ఏమీ రాదు, క్వెరీ చక్కగా నడుస్తుంది, చార్టు అందంగా వస్తుంది, కంపెనీ మాత్రం కాగితం మీద నాలుగింతలు సంపాదించేస్తుంది. జాయిన్‌కి ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని వరుసలు, మొత్తం రెవెన్యూ అకౌంట్స్ వాళ్ల లెక్కతో సరిపోతోందా అని చూసే అలవాటు ఉన్న అభ్యర్థి నాకు న్యూరల్ నెట్‌వర్క్ లాంటి పెద్ద మోడళ్ల గురించి ఒక్క ముక్క చెప్పకపోయినా పర్లేదు.

ఇప్పుడు లెక్క సరిగ్గానే ఉందనుకుందాం. సరైన లెక్క కూడా నమ్మదగ్గది కాకపోవచ్చు, మార్కెటింగ్‌లో అసలు మజా ఇక్కడే. అనుకోండి, ఒక నెలలో మీ కంపెనీకి వచ్చిన ఆర్డర్లు 1,000. ఒక యాడ్ ప్లాట్‌ఫామ్ రిపోర్టు తీస్తే 600 నావల్లే అంటుంది. ఇంకో ప్లాట్‌ఫామ్ 500 నావి అంటుంది. ఈమెయిల్ టూల్ 300 నావి అంటుంది. కూడితే 1,400. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఒకే కస్టమర్ మూడింటినీ తాకి ఆర్డర్ పెడితే మూడూ ఎవరి రూల్ ప్రకారం వాళ్లు ఖాతాలో వేసుకుంటాయి. అట్రిబ్యూషన్ అని మీరు చదివింది ఈ పంపకం గురించే. కానీ క్రెడిట్ ఎవరికెంత అన్నది ఒక ప్రశ్న, ఆ యాడ్ లేకపోతే ఆ ఆర్డర్ వచ్చేదా కాదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. డబ్బు పెట్టేవాళ్లకి కావలసింది ఈ రెండోది.

దీనికి ఆన్‌లైన్ అమ్మకాల సైట్ ఈబే వాళ్ల ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. బ్లేక్, నాస్కో, టాడెలిస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసింది, 2015లో ఎకనామెట్రికా జర్నల్‌లో వచ్చింది. జనం సెర్చ్ ఇంజిన్లో "ఈబే" అని కొట్టినప్పుడు పైన ఈబే యాడ్ కనిపించేది, క్లిక్ చేస్తే కంపెనీ డబ్బు కట్టేది. రిపోర్టుల్లో ఆ యాడ్లు అద్భుతంగా కనిపిస్తాయి, ఎందుకు కనిపించవు, ఈబే అని టైప్ చేసినవాడు కొనడానికే వస్తున్నాడు కదా! వీళ్లు కొన్ని సెర్చ్ ఇంజిన్లలో ఆ యాడ్లు ఆపేసి చూశారు. పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం కింద ఉన్న మామూలు, ఉచిత లింకు ద్వారా వెంటనే తిరిగొచ్చేశాయి. అంటే ఎలాగూ లోపలికి వస్తున్న మనిషికి గుమ్మంలో నిలబడి కూపన్ ఇచ్చి, ఇతన్ని నేనే పిలుచుకొచ్చానని చెప్పుకోవడం లాంటిది.

అయితే ఈ కథని ఇక్కడితో ఆపి "యాడ్లు దండగ" అనేవాళ్లు కూడా ఉన్నారు, అది తప్పు. అదే పరిశోధనలో, కంపెనీ పేరు లేని మామూలు కీవర్డులకి, అంటే జనం వెతికే మాటలకి, వచ్చే యాడ్లు కూడా ఆపి చూశారు. తరచూ కొనే పాత కస్టమర్ల మీద వాటి ప్రభావం దాదాపు లేదు, కానీ కొత్తవాళ్ల మీద, ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ల మీద ప్రభావం కనిపించింది. ఖర్చులో ఎక్కువ భాగం పాతవాళ్ల క్లిక్కులకే పోతోంది కాబట్టి మొత్తంమీద నష్టం తేలింది. చూశారా, జవాబు "పనిచేస్తుంది" కాదు, "పనిచేయదు" కాదు. ఎవరి మీద పనిచేస్తుందో చెప్పగలిగితే అప్పుడు మార్కెటింగ్ హెడ్ మీ మాట వింటారు. ఆ యాడ్ ఆపేస్తే ఏమవుతుందో చూద్దాం అని అడిగే ధైర్యం, దాన్ని నష్టం లేకుండా ఎలా చేయాలో, అంటే ఏ ప్రాంతంలో ఎన్ని వారాలు ఆపాలి, దేనితో పోల్చాలి అని చెప్పగలిగే తెలివి, ఈ రెండూ ఉన్నవాళ్లు చాలా తక్కువ.

ప్రయోగం అన్నాను కాబట్టి ఇంకో చేదు మాట. ఏ/బీ టెస్ట్ అని, అంటే వచ్చేవాళ్లని రెండు గ్రూపులు చేసి రెండు రకాల పేజీలు చూపించి పోల్చడం అని, అందరి రెజ్యూమెలోనూ ఉంటుంది. మీ సైట్‌కి వచ్చే 100 మందిలో ఇద్దరు కొంటున్నారనుకోండి, 2 శాతం. కొత్త పేజీ వల్ల అది 2.2 శాతం అవుతుందేమో తేల్చాలి. మామూలుగా వాడే 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడా ఉందని పొరబడే అవకాశం), 80 శాతం పవర్ (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం) తీసుకుంటే ఒక్కో గ్రూపుకి సుమారు 80 వేల మంది కావాలి, రెండు గ్రూపులకీ కలిపి లక్షా అరవై వేలు. రోజుకి 2,000 మంది వచ్చే సైట్‌లో ఇది తేలడానికి 80 రోజులు పడుతుంది. మీ మేనేజర్ శుక్రవారానికి కావాలంటారు. అప్పుడు "ఇంత చిన్న తేడా ఈ ట్రాఫిక్‌తో తేలదు, పెద్ద మార్పు ఏదైనా పరీక్షిద్దాం" అని చెప్పడం మీ ఉద్యోగం. మూడో రోజు ఆకుపచ్చ బాణం కనిపించగానే టెస్ట్ ఆపేసి గెలిచామని ప్రకటించడం కాదు.

టూల్స్ గురించి ఒక మాట, ఎక్కువ కాదు. యూరప్ గోప్యతా చట్టం జీడీపీఆర్ 2018 మేలో అమల్లోకి వచ్చింది. 2021 ఏప్రిల్లో ఆపిల్ ఐఓఎస్ 14.5తో, యాప్‌లు జనాన్ని వెంబడించాలంటే ముందు అనుమతి అడగాల్సిందే అంది. 2023 జులై 1న గూగుల్ తన అనలిటిక్స్ పాత రూపమైన యూనివర్సల్ అనలిటిక్స్‌ని ఆపేసి దాదాపు అందరినీ కొత్త రూపం జీఏ4కి తోలింది, ఎన్నో ఏళ్లు ఆ పాత స్క్రీన్లు కంఠస్థం చేసినవాళ్లు కూడా ఒక్కరోజులో కొత్తవాళ్లైపోయారు. మనిషి మనిషినీ వెంబడించడం కష్టమయ్యేసరికి, మొత్తం ఖర్చు, మొత్తం అమ్మకాల మీద నడిచే మార్కెటింగ్ మిక్స్ మోడలింగ్ మళ్లీ ఊపందుకుంది. ఇది మన తరం కనిపెట్టింది కాదు, దశాబ్దాల నాటిది. ఆ మోడల్ కట్టే టూల్స్, ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్ల రాబిన్, గూగుల్ వాళ్ల మెరిడియన్, రెండూ ఉచితంగా దొరుకుతాయి, సాయంత్రాలు కూర్చుని నేర్చుకోవచ్చు. కాకపోతే సీజన్ వచ్చినప్పుడు కంపెనీలు సెర్చ్, ఈమెయిల్ లాంటి ప్రచార మార్గాల్లో, అంటే అన్ని ఛానెళ్లలోనూ, ఒకేసారి ఖర్చు పెంచుతాయి, అన్నీ కలిసి పెరిగి కలిసి తగ్గే డేటాలో ఏది దేనివల్లో ఆ మోడల్‌కి కూడా తెలీదు. అది చెప్పగలిగితే టూల్ వచ్చినట్టు.

ఇప్పుడు మీ రెజ్యూమెల సంగతి. దాదాపు ప్రతి రెజ్యూమెలో ఒక లైను ఉంటుంది: "ర్యాండమ్ ఫారెస్ట్‌తో 87 శాతం అక్యురసీ ఉన్న చర్న్ మోడల్ తయారుచేశాను." చర్న్ అంటే కస్టమర్లు వదిలి వెళ్లిపోవడం, ర్యాండమ్ ఫారెస్ట్ అంటే దాన్ని ముందే ఊహించే ఒక పద్ధతి. నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ డేటాలో వదిలి వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది? 15 శాతం అంటారు. అంటే ఏ మోడలూ లేకుండా "ఎవరూ వెళ్లరు" అని కళ్లు మూసుకుని చెప్పినా 85 శాతం అక్యురసీ వస్తుంది కదండీ! మీ కష్టానికి దక్కింది 2 శాతమా? (నవ్వులు) నవ్వకండి, ఇదే ప్రాజెక్టుని బతికించొచ్చు. వెళ్లిపోయే ప్రమాదం ఎక్కువున్న పది శాతం మందిని ఎంచుకుంటే వాళ్లలో నిజంగా వెళ్లేవాళ్లు ఎంతమంది, వాళ్లకి డిస్కౌంట్ ఇస్తే ఖర్చెంత, ఇవ్వకపోయినా ఉండిపోయేవాళ్లకి ఎంత వృథాగా ఇస్తున్నాం, కొంతమందిని డిస్కౌంట్ ఇవ్వకుండా పక్కన పెట్టి పోల్చి చూడటం ఎలా. ఈ నాలుగూ రాస్తే అదే డేటా, అదే మోడల్, వేరే అభ్యర్థి.

ప్రాజెక్టులు ఎన్ని ఉండాలని అడుగుతుంటారు. ఒకటి చాలు, చివరిదాకా చేసింది. అందరూ వాడే రెడీమేడ్ డేటా వద్దు. మీకు తెలిసిన చిన్న వ్యాపారమో, స్వచ్ఛంద సంస్థో ఉంటే వాళ్లని అడిగి, వాళ్ల చెత్త డేటా తీసుకుని, కస్టమర్ల వివరాలు బయటికి పొక్కకుండా జాగ్రత్తపడి, వాళ్లు సోమవారం నుంచి ఏం మార్చాలో ఒక పేజీలో రాసివ్వండి. వాళ్లు పాటించారా లేదా అన్నది కూడా రాయండి. పాటించలేదంటే ఎందుకు పాటించలేదన్నదే ఇంటర్వ్యూలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంభాషణ అవుతుంది.

ఇంటర్వ్యూలో నేనడిగే ఒక కేస్ ఇక్కడే చెప్పేస్తాను, ఇక మార్చుకోవాలి మరి. ఒక ఛానెల్‌లో లక్ష ఖర్చు పెడితే 500 మంది కస్టమర్లు వచ్చారు, తలకి 200. మిగతా ఛానెళ్లలో తలకి 350 పడుతోంది. బడ్జెట్ రెండు లక్షలు చేద్దామా? ఎక్కువమంది చేద్దామంటారు, చవక కదా. చేశాక 700 మంది వచ్చారు. సగటు చూస్తే తలకి 286, ఇప్పటికీ మిగతావాటికంటే చవకే. కానీ రెండో లక్షకి అదనంగా వచ్చింది 200 మందే, అంటే ఒక్కొక్కరికీ 500. ఆ రెండో లక్ష వేరే ఛానెల్‌కి పోయి ఉండాల్సింది, అక్కడ కూడా ఇదే లెక్క వేసుకున్నాకే అనుకోండి. సగటు రిపోర్టులో ఉంటుంది, నిర్ణయం మాత్రం చివరి రూపాయి మీద ఆధారపడుతుంది. ఇది చెప్పడానికి పైథాన్ అక్కర్లేదు, కాగితం చాలు.

ఇంటికిచ్చే అసైన్‌మెంట్లలో కూడా మొదటి పేజీలోనే ఏం చేయమంటున్నారో రాయండి. డేటా ఎలా శుభ్రం చేశారో అనుబంధంలోకి నెట్టండి. అది నాకు ముఖ్యమే, కానీ మీతో పనిచేసే మార్కెటింగ్ హెడ్ అంతదూరం చదవరు. సీనియర్లకి మెసేజ్ పెట్టేటప్పుడు "నా రెజ్యూమె చూడండి, రిఫర్ చేయండి" అని మాత్రం మొదలుపెట్టకండి. "మీ టీం యాడ్ల ఫలితాన్ని ఎలా కొలుస్తుంది, పావుగంట మాట్లాడతారా" అని అడగండి. తమ పని గురించి చెప్పమంటే కాదనేవాళ్లు తక్కువ. ఆ మాటల్లో మీరు మంచి ప్రశ్న ఒక్కటి వేసినా రిఫరల్ దానంతటదే వస్తుంది, రాకపోయినా ఆ టీం పనితీరు తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

"సర్, ఎస్‌క్యూఎల్ అంతా ఏఐ రాసేస్తోంది కదా, అనలిస్ట్ ఉద్యోగాలు మిగులుతాయా?"

రాస్తుంది, బాగానే రాస్తుంది, నేనూ వాడతాను. కానీ మీ కంపెనీలో వాపసు వచ్చిన ఆర్డర్లు వేరే టేబుల్లో ఉంటాయని, ఆర్డర్ సమయం మన గడియారంలో కాక అంతర్జాతీయ ప్రామాణిక సమయం యూటీసీలో ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి ఆర్డర్లు పక్క తేదీలో పడతాయని దానికి ఎవరు చెప్పాలి? ఇందాకటి 12,000 తెచ్చిన తప్పు జాయిన్‌ని ఏఐ కూడా తడుముకోకుండా రాసిచ్చేస్తుంది. కేవలం అడిగిన రిపోర్టు లాగి పంపే ఉద్యోగాలు తగ్గుతాయి, అందులో నాకు అనుమానం లేదు, మీకు టెన్షన్ ఉండాల్సింది కూడా అలాంటి ఉద్యోగాల గురించే. వచ్చిన జవాబు తప్పని పట్టుకోగలిగేవాళ్లకి పని పెరుగుతుంది.

"సర్, ఆర్ నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా?"

రెండూ ప్రోగ్రామింగ్ భాషలే, ఏది వచ్చో అదే. ముందు ఎస్‌క్యూఎల్, వరుసల గుంపుల మీద లెక్కలు వేసే విండో ఫంక్షన్లతో సహా నిద్రలో లేపి అడిగినా రావాలి. తర్వాత ఎక్సెల్. నవ్వకండి, ఫైనాన్స్ వాళ్లు మీ లెక్కని ఎక్సెల్‌లోనే తెరిచి చూస్తారు.

"మేము కంపెనీని ఎలా ఎంచుకోవాలి సర్? మొదటి ఉద్యోగం, ఎవరు ఇస్తే వాళ్ల దగ్గర చేరిపోవాలి కదా."

ఇంట్లో అవసరాలుంటే చేరిపోండి, అందులో తప్పేం లేదు. రెండు ఆఫర్లు చేతిలో ఉండే అదృష్టం పడితే, లేదా ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు, ఈ ప్రశ్న వేయండి: "మీ దగ్గర ఈమధ్య అనలిస్ట్ చెప్పిన మాట మీద ఆపేసిన క్యాంపెయిన్ ఏదైనా ఉందా?" మర్యాదగానే అడగండి. వాళ్లు వెంటనే ఒకటి చెప్పి, అప్పుడెంత గొడవ జరిగిందో కూడా చెప్తే, జీతం కాస్త తక్కువైనా ఆలోచించొచ్చు. "మా డ్యాష్‌బోర్డులు చాలా బాగుంటాయండీ" అని మాట మార్చితే, అక్కడ మీరు చేయబోయేది ఆ డ్యాష్‌బోర్డులకి రంగులు వేయడమే. చేరినా సరే, ఏడాదిలో బయటపడే ఏర్పాటు చూసుకోండి.